కైరోలో సౌనా

ఇరవై నెలలుగా తైనా ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. ఈ సంగతి కోర్తెవారాలో ఎవరికీ తెలియదు, చెప్పినా ఎవరూ నమ్మరు. ఉత్తరాది చలిదేశపు అడవుల మధ్య పద్నాలుగు గడపల ఆ ఊళ్ళో ఆమెకు పుస్తకాల తైనా అని పేరు. పెళ్ళై వచ్చేటప్పుడు రెండు పెట్టెల్లో బట్టలు, తొమ్మిది పెట్టెల్లో పుస్తకాలు తెచ్చుకుందనీ, మొగుడు ఎసా ఆ తొమ్మిదీ మోసి, నడుం పట్టేసి, పెళ్ళైన మర్నాడే మంచమెక్కాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పేరు అలా నిలబడిపోయింది. పైన పటారం, లోన లొటారం. లొటారం సంగతి తైనా ఒక్కదానికే తెలుసు, ఆ గురువారం పొద్దున్న పదకొండింటికి కెరానెన్ గారికి కూడా తెలిసిపోతుందేమోనని ఆమె వారం రోజులుగా సరిగా నిద్రపోలేదు.

కెరానెన్ గారంటే మునిసిపాలిటీ పంపే మాస్టారు. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటామన్న వాళ్ళ ఇళ్ళకు ఏడాదికి రెండుసార్లు, డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి వచ్చి, పిల్లకు చదువు వస్తోందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని పోతాడు. వస్తోందంటే సరే. రావడం లేదని రాస్తే ఆగస్టు నుంచి పిల్ల మళ్ళీ టాక్సీ ఎక్కాలి.

ఆ టాక్సీ సంగతి చెప్పాలి. ఊళ్ళో బడి ఉండేది. పిల్లలు ఐదుగురే మిగిలారని మూసేశారు. పెద్ద బడి డెబ్భై నాలుగు కిలోమీటర్ల దూరం, పొద్దున్న ఆరుంబావుకి మునిసిపాలిటీ టాక్సీ వస్తుంది. తైనా కూతురు హిల్లాకి కారు పడదు. వెళ్ళేటప్పుడు ముప్పై ఒకటో కిలోమీటరు మలుపులో ఒకసారి, వచ్చేటప్పుడు అదే మలుపులో ఇంకోసారి కక్కుకునేది. మందులు వాడారు, ముందు సీట్లో కూర్చోబెట్టారు, నిమ్మచెక్క చేతికిచ్చారు. డ్రైవరు మంచివాడు, ఒక్క మాట అనలేదు. ఒకరోజు ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్ కొనుక్కొచ్చి, దాని మీద పెయింటుతో 'హిల్లా' అని అందంగా రాశాడు. అది చూసిన రోజున తైనా ఇక చాలనుకుంది. బకెట్ మీద పేరు పడిందంటే ఆ రోగం ఇక పర్మనెంటు అయినట్టే.

"నేనే చెప్తాను చదువు," అంది ఎసాతో.

ఎసా అడవిలో చెట్లు నరికే యంత్రం నడుపుతాడు. సోమవారం వెళ్తే శుక్రవారం వస్తాడు. "లెక్కలు కూడానా?" అన్నాడు.

"లెక్కలు కూడా."

"సరే," అన్నాడు ఎసా. ఆ విషయం మీద మొగుడూ పెళ్ళాల మధ్య జరిగిన చర్చ మొత్తం అంతే.

పిల్లకు చదువు చెప్పడమంటే రోజూ పుస్తకాల మధ్య ఉండొచ్చనుకుంది తైనా. ఉంది కూడా, కాకపోతే అవి వేరే పుస్తకాలు. ఏడో తరగతి లెక్కలు ఆమెకు గుర్తులేవు. రసాయన శాస్త్రం ఎప్పుడూ రాలేదు. పిల్లకు రేపు చెప్పాల్సింది ఇవాళ తను నేర్చుకోవాలి. అప్పుడు మొదలైంది గొడవ. వంట, గొర్రెలు, పిల్లకు రెండో భాష అయిన స్వీడిష్ వ్యాకరణం అన్నీ ముగించి మంచం మీద తనకిష్టమైన నవల తెరిస్తే, మూడో పేజీలో కళ్ళు మూతలు పడేవి. మర్నాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి. ఒక నవలలో మొదటి మూడు పేజీలు తైనా పదకొండుసార్లు చదివింది. అందులో వాన కురుస్తూ ఉంటుంది. ఆ వాన ఎప్పటికీ ఆగలేదు.

అక్కడితో ఊరుకుంటే పీడా పోయేది. కానీ ఆ ఇంట్లో ఒక అలవాటుంది. బుధవారం, శనివారం సాయంత్రాలు సౌనా, అంటే ఆవిరి స్నానాల చెక్క గది, వేడి చేస్తారు. తల్లీకూతుళ్ళిద్దరూ బల్ల మీద కూర్చుంటారు, పొయ్యి మీద కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తారు, ఆవిరి లేస్తుంది. అప్పుడు తైనా తను చదువుతున్న పుస్తకం కథ చెప్పాలి. హిల్లాకి నాలుగేళ్ళప్పటి నుంచీ ఇదే వరస. కథ లేని సౌనా ఆ పిల్లకు ఉప్పు లేని పప్పు.

మొదటి ఏడాది అక్టోబరులో ఒక బుధవారం, దీపస్తంభం కాపరి కథ సగంలో ఉంది. కాపరికీ కూతురికీ మాటల్లేవు. కూతురు పడవెక్కి వెళ్ళిపోతానంటోంది. తైనా చదివింది అంతవరకే. ముందురోజంతా సమీకరణాలతో సరిపోయింది.

"తర్వాత ఏమైంది?" అంది హిల్లా కింది బల్ల మీంచి.

నేను ఇంకా చదవలేదమ్మా, అంటే సరిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ పుస్తకాల తైనా ఆ మాట ఎలా అంటుంది? గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద పోసింది. బుస్సుమంది. కళ్ళ ముందు పొయ్యి, రాళ్ళు, బల్ల తప్ప ఏమీ లేవు. "కాపరి కూతుర్ని సౌనాకి పిలిచాడు," అంది. "రాళ్ళ మీద నీళ్ళు పోసి, తప్పు నాదే అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళలేదు. ఉండిపోయింది."

హిల్లా మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "బాగుంది," అంది.

ఆ పుస్తకం అలవాటు ప్రకారం హిల్లా చేతికి వెళ్ళింది. రెండేళ్ళలో ఇరవై పుస్తకాలు చదవాలని, చదివినవాటి గురించి ఒక్కో పేజీ రాయాలని, పెద్దవాళ్ళు సంతకం పెట్టాలని కెరానెన్ గారు పెట్టిన నియమం. వారం తర్వాత, ఆదివారం కాఫీ తాగుతూ తైనా కూతురి నీలం నోటుబుక్కు తెరిచింది. చివరి వాక్యం ఇది. 'కాపరి కూతుర్ని సౌనాకి పిలిచి, తప్పు నాదే అంటాడు, కూతురు ఉండిపోతుంది.'

పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు తైనా ఆ నవల చివరి పేజీ తీసి చూసింది. కాపరి నవంబరు తుఫానులో సముద్రంలో పడి చచ్చిపోయాడు. కూతురు అప్పటికే వేరే దేశంలో ఉంది. సౌనా ఊసే లేదు.

అంటే పిల్ల పుస్తకం తెరవనే లేదన్నమాట. తల్లి చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టింది. తైనా నవల మూసేసింది. అరిచి చివాట్లు పెడదామనుకుంది. ఏమని పెడుతుంది? కాపరి చచ్చిపోయాడే, సౌనాకి వెళ్ళాడని ఎలా రాశావని అడిగితే, నువ్వే కదమ్మా చెప్పావు అంటుంది. కక్కలేక, మింగలేక కలం తీసి సంతకం పెట్టింది.

ఆ ఒక్కటితో ఆగిందా? మొదటి అబద్ధానికి కాపలా కాయడానికే తర్వాతవన్నీ పుట్టుకొచ్చాయి. తైనా చదవదు, బుధవారం చెబుతుంది, హిల్లా రాస్తుంది, ఆదివారం తైనా సంతకం పెడుతుంది. మొదటి ఏడాది కెరానెన్ గారు నోటుబుక్కు పైపైన తిప్పి ఊరుకున్నాడు. ఈసారి మాత్రం ముందే ఫోన్ చేసి, పుస్తకాల గురించి కాస్త తీరిగ్గా మాట్లాడదామనుకుంటున్నానని చెప్పాడు. తైనాకి దిగులు టాక్సీ గురించి మాత్రమే కాదు. చేతులారా పిల్ల చదివే అలవాటు నేనే పాడు చేశానన్నది ఆమెను తినేస్తోంది. రసాయన శాస్త్రం నేర్పించి పుస్తకం మరిపించాను, ఇదేం తల్లితనం అనుకునేది గొర్రెలకు గడ్డి వేస్తూ.

రెండు వారాల కిందట లైబ్రరీ బస్సు వచ్చినప్పుడు ఉండబట్టలేక ఇల్మోని అడిగింది. ఇల్మో ఆ బస్సు నడుపుతాడు, పుస్తకాలు ఇస్తాడు, బస్సులో ఉన్న చిన్న కట్టెల పొయ్యి కూడా తనే ఎగదోస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా రెండు వారాలకొక గురువారం రెండూ నలభైకి, ఒకప్పుడు పాల డబ్బాలు పెట్టిన చెక్క అరుగు దగ్గర ఆపుతాడు. రెండూ యాభై అయిదుకి తలుపు వేసేస్తాడు. ఎవరు పరిగెత్తుకుంటూ వస్తున్నా సరే వేసేస్తాడు.

"ఇల్మో, ఒక మాట అడుగుతా."

"అడుగు."

"మా హిల్లా తన కార్డు మీద పుస్తకాలేమైనా తీసుకుంటోందా?"

"ఎవరేం తీసుకున్నారో చెప్పకూడదు. చట్టం."

"నేను దాని తల్లిని."

"అందుకే చెప్పను."

"పోనీ ఏమీ తీసుకోవడం లేదా? అదైనా చెప్పు."

"ఏమీ తీసుకోవడం లేదని చెప్పడం కూడా చెప్పడమే." ఇల్మో కాస్త ఆలోచించాడు. "వాతావరణం గురించి అడుగు. దానికి చట్టం లేదు."

తైనా తన చేతిలో పుస్తకం బల్ల మీద పెట్టింది. కైరోలో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ తండ్రి వదిలిపోయిన గడియారాల దుకాణం గురించిన నవల.

"ఇది మూడోసారి పొడిగించడం," అన్నాడు ఇల్మో.

"లావు పుస్తకం."

"నూట తొంభై పేజీలు."

"అక్షరాలు చిన్నవి."

ఇల్మో యంత్రం మీద పుస్తకం పెట్టాడు. కీచుమంది. "ఇదే ఆఖరు," అన్నాడు.

"నా గురించి కూడా ఎవరికీ చెప్పవుగా?"

"నీ గురించి నాకేం తెలుసు?" అన్నాడు ఇల్మో కిటికీలోంచి బయటికి చూస్తూ. "మంచు కరగడం ఈసారి ఆలస్యమైంది."

గురువారం పదకొండింటికి రెండు నిమిషాల ముందు కెరానెన్ గారి కారు వచ్చింది. పదకొండు అయ్యేదాకా ఆయన కార్లోనే కూర్చున్నాడు. అరవై మూడేళ్ళ పొడుగాటి మనిషి, పెద్ద బడిలో మాతృభాష పాఠాలు చెబుతాడు. ఆ చుట్టుపక్కల అందరూ అందర్నీ నువ్వనే అంటారు, పాస్టరు గారితో సహా. మీరు అనేది కెరానెన్ గారిని ఒక్కణ్ణే. ఆయనా ఎదుటివాళ్ళని మీరనే అంటాడు, కుక్కను కూడా అంటాడని వదంతి. గుమ్మంలో బూట్లు విప్పి, కుట్లేసిన ఉన్ని సాక్సులతో వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు.

తైనా కాఫీ పోసింది. యాలకుల బన్నులు పెట్టింది. పొయ్యి మీద అక్కడ ప్రతి గురువారం వండే బఠాణీ సూపు ఉడుకుతోంది. కెరానెన్ గారు రెండో కప్పు కాఫీ తాగిన ఇల్లు ఆ జిల్లాలోనే లేదంటారు. మొదటిది తాగి, కప్పు మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆ చెయ్యి చూసి వణికిన తల్లులున్నారు.

లెక్కలు అడిగాడు. హిల్లా చేసింది. ఆమ్లాలు, క్షారాలు అడిగాడు. చెప్పింది. స్వీడిష్‌లో వాతావరణం గురించి మాట్లాడమన్నాడు. వాన పడుతోందంది. బయట ఎండగా ఉంది, కానీ వ్యాకరణం సరిగ్గా ఉంది. తైనా కడిగిన పళ్ళేన్నే మళ్ళీ కడుగుతూ నిలబడింది.

"ఇక పుస్తకాలు," అన్నాడు కెరానెన్ గారు.

హిల్లా నీలం నోటుబుక్కు ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు మార్చుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. చదవడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో సూపు రెండుసార్లు పొంగింది.

"ఇరవై మూడు పుస్తకాలు," అన్నాడు.

"అవును," అంది హిల్లా.

"ఇరవై చాలన్నాను."

"ఇరవై మూడయ్యాయి."

"ఇందులో పంతొమ్మిది నేను కూడా చదివాను."

తైనా చేతిలో పళ్ళెం ఆగిపోయింది.

"జలాంతర్గామి కథ," అన్నాడు కెరానెన్ గారు. "నేను చదివినదాంట్లో కెప్టెన్, వంటవాడు చివరిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మీరు రాసినదాంట్లో సౌనాలో కూర్చుని ఒకరినొకరు క్షమించుకున్నారు."

"జలాంతర్గామిలో ఎలాగూ వేడిగానే ఉంటుంది," అంది హిల్లా.

"దీపస్తంభం కాపరి నిరుడు. ఆయన సముద్రంలో పడ్డాడు. మీ కాపరి సౌనాకి వెళ్ళాడు."

"ముందు సౌనాకి వెళ్ళి, తర్వాత పడి ఉండొచ్చు."

"కైరోలో గడియారాల అన్నదమ్ములు. వాళ్ళూ సౌనాకే వెళ్ళారు."

"కైరో పెద్ద ఊరు. ఎక్కడో ఒకటి ఉంటుంది."

కెరానెన్ గారు నవ్వలేదు. నోటుబుక్కు మూసి దాని మీద చెయ్యి పెట్టాడు. "ఇరవై మూడు పుస్తకాలు, ఇరవై మూడు సౌనాలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. చదవకుండా రాసే పిల్లల్ని చూశాను. కంప్యూటర్లో చూసి రాస్తారు, అందరి తప్పులూ ఒకేలా ఉంటాయి. ఇవి మాత్రం ఎక్కడా దొరకవు. ఎవరు చెప్పారు మీకు?"

హిల్లా బల్ల చెక్కలో ఉన్న నల్లటి కణుపు మీద వేలు పెట్టి రుద్దింది. తల్లి వైపు చూడలేదు. "ఎవరూ చెప్పలేదు. నేనే రాశాను."

"చదవకుండానా?"

పిల్ల ఇంకా కణుపు మీదే వేలు తిప్పుతోంది.

"అలా అయితే నేను కాగితం మీద అదే రాయాలి. తెలుసు కదా?"

"తెలుసు. రాసుకోండి," అంది హిల్లా. మొహంలో రంగు పోయింది, ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర పోయినట్టే. గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అందరికీ తెలిసిందే. తైనా తడుముకోలేదు. చేతిలో పళ్ళెంతో సహా వచ్చి బల్ల దగ్గర నిలబడింది. "నేను చెప్పాను," అంది.

"అమ్మా, వద్దు," అంది హిల్లా.

"నువ్వూరుకో. కెరానెన్ గారూ, ఆ సౌనాలన్నీ నావే. ఇరవై నెలలుగా నేను ఒక్క పుస్తకం కూడా పూర్తిగా చదవలేదు. మూడు పేజీలు చదివి నిద్రపోతాను. బుధవారం ఇది కథ చెప్పమంటుంది. చదవలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. సౌనాలో కూర్చుని కల్పించాను, అందుకే అందరూ సౌనాకే పోయారు. ఇది నా మాట నమ్మి రాసింది. తప్పు రాసిందని తెలిసినా సంతకాలు పెట్టింది నేను. తప్పు నాది. రాయాలనుకుంటే నా పేరు రాయండి."

అంత పొడుగు మాట తైనా పెళ్ళిలో కూడా మాట్లాడలేదు. పొయ్యి మీద సూపు చిన్నగా కుతకుతలాడింది.

"అంటే," అన్నాడు కెరానెన్ గారు నెమ్మదిగా, "మీరు చదవలేదు. అమ్మాయి కూడా చదవలేదు. ఈ ఇంట్లో చదివింది ఎవరు?"

హిల్లా లేచింది. ఆ పక్క గదిలోకి వెళ్ళింది. గోడవారగా తైనా పుస్తకాల అలమర ఉంది, ఆ తొమ్మిది పెట్టెల పుస్తకాలూ అందులోనే. మూడో వరసలో రెండు లావు పుస్తకాల వెనక చెయ్యి పెట్టి, గళ్ళ నోటుబుక్కు ఒకటి బయటికి తీసింది. తెచ్చి కెరానెన్ గారి ముందు పెట్టింది.

"నీలందేమో అమ్మ సంతకానికి. ఇది నాది," అంది.

"నా అలమరలోనా దాచావు?" అంది తైనా.

"అక్కడైతే నువ్వు చూడవని," అంది హిల్లా.

తైనాకి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

కెరానెన్ గారు గళ్ళ నోటుబుక్కు తెరిచాడు. ఒక్కో పుస్తకానికి రెండు పేజీలు. ఎడమ పక్క 'పుస్తకం' అని, కుడి పక్క 'అమ్మ' అని రాసి ఉంది. ఎడమ పక్క అసలు కథ, ఎవరు ఎందుకు ఏం చేశారో, రచయిత ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ సాగదీశాడో. కుడి పక్క సౌనా. కింద రెండింటికీ మార్కులు, బళ్ళో వేసినట్టే నాలుగు నుంచి పది దాకా. నాలుగంటే తప్పినట్టు.

ఆయన ఒక పేజీ పైకి చదివాడు. "జలాంతర్గామి. పుస్తకానికి తొమ్మిది. అమ్మకు నాలుగున్నర. వ్యాఖ్య, ఆవిరికి నీళ్ళెక్కడివి, తాగేవి వాడేశారా?" పేజీ తిప్పాడు. "దీపస్తంభం. పుస్తకానికి ఎనిమిది. అమ్మకు ఏడు. మొదటిసారి కనక అర మార్కు కలిపాను." ఇంకో పేజీ తిప్పాడు. "పోస్టాఫీసు విధవ. అమ్మకు అయిదు. అమ్మకు ఆ రోజు జలుబు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అంది తైనా.

"మొదటిదాన్నుంచి. నువ్వు చెప్పిన కాపరి బతికున్నాడు, పుస్తకంలో చచ్చిపోయాడు. నువ్వు చదవలేదని అర్థమైంది."

"మరి ఉన్నదున్నట్టు రాసుంటే సరిపోయేదిగా? నీలంలో నాది ఎందుకు రాశావు?"

హిల్లా మళ్ళీ కణుపు రుద్దింది. "ఆదివారం సంతకం పెట్టేటప్పుడు చదువుతావు. నాకు తెలిసిపోయిందని నీకు తెలుస్తుంది."

"తెలిస్తే?"

"తెలిస్తే బుధవారం చెప్పడం మానేస్తావు."

తైనా ఏడ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, పరాయి మనిషి ముందు కూర్చుని ఏడ్చింది. ఆ ఊళ్ళో జనం చావులకు కూడా కట్టెల కొట్టు వెనక్కి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వస్తారు. కెరానెన్ గారు కుర్చీని కాస్త పక్కకు తిప్పుకుని కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. సరస్సు మీద మంచు మధ్యలో నల్లగా చీలింది. అందులో అంతసేపు చూడాల్సినదేమీ లేదు, అయినా చూశాడు. హిల్లా లేచి సూపు కింద మంట తగ్గించింది.

కొంతసేపయ్యాక కెరానెన్ గారు ఇటు తిరిగాడు. కప్పు ముందుకు జరిపాడు.

"కాఫీ ఇంకా ఉందా?" అన్నాడు.

తైనా తువ్వాలు తీసి ఆ కప్పును చూసింది. నిండుగా పోస్తే కొంచెం సాసర్లోకి పొర్లింది. ఆయన సాసర్లోది కూడా తాగాడు.

"నా కాగితం మీద అమ్మాయి గురించే రాయడానికి వీలుంది," అన్నాడు. "చదవడం, చాలా బాగుంది. రాయడం, చాలా బాగుంది, రెండు నోటుబుక్కుల్లోనూ. మీ గురించి రాయడానికి అందులో గడి లేదు. ఉండాల్సింది." బన్ను ఇంకొకటి తీసుకున్నాడు. "ఒక సందేహం. కైరో సౌనాలో కట్టెలా, కరెంటా?"

"కట్టెలు," అంది తైనా ముక్కు తుడుచుకుంటూ.

"కైరోలో కట్టెలెక్కడివి?"

తైనా కాస్త ఆలోచించింది. "పాత గడియారాల చెక్క పెట్టెలు."

కెరానెన్ గారు చాలాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత తలూపి బన్ను తిన్నాడు.

ఆయన సూపు కూడా తాగి, రెండింటికి బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. కుక్క మొరిగితే దానితో ఏదో అన్నాడు, మీరనే అన్నాడో లేదో తైనాకి వినిపించలేదు.

ఇల్లు నిశ్శబ్దమైంది. హిల్లా గిన్నెలు సర్దుతోంది. కైరో నవల కిటికీ అంచు మీద ఉంది. ఆ రోజే తిరిగిచ్చెయ్యాలి, ఇక పొడిగించడానికి లేదు.

"ఎన్ని పేజీలు చదివావు అందులో?" అంది హిల్లా.

"నూట నలభై ఎనిమిది," అంది తైనా. "వరసగా కాదు."

"ఇంకా నలభై రెండు. బస్సు రావడానికి ముప్పై అయిదు నిమిషాలుంది. పో, చదువు. గిన్నెలు నేను కడుగుతా."

"మధ్యాహ్నం నీకు భూగోళం ఉంది."

"భూగోళం ఎక్కడికీ పోదు."

తైనా పుస్తకం తీసుకుని, కోటు వేసుకుని, దారి మొదట్లో ఉన్న పాల అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. ఇంట్లో కూర్చుంటే గిన్నెలు కనబడతాయి, గిన్నెలు కనబడితే లేస్తుంది, తన సంగతి తనకు తెలుసు. ఎండ ఉన్నా చలిగా ఉంది, నిద్ర పట్టే చలి కాదు. మొదటి పది పేజీలు కళ్ళు వాటంతట అవే జారాయి. ఆ తర్వాత ఎక్కడో తెలియకుండానే కుదురుకున్నాయి. అన్న దుకాణం తాళం చెవి జేబులో పెట్టుకుని రైల్వే స్టేషన్లో నిలబడి ఉన్నాడు. తమ్ముడు ఎక్కిన రైలు ఇంకా కదలలేదు. తైనాకి చలి, కెరానెన్ గారు, టాక్సీ అన్నీ పోయాయి, స్టేషను మాత్రమే మిగిలింది.

రెండూ నలభైకి బస్సు వచ్చి ఆగింది. ఇల్మో తలుపు తీశాడు. తైనా తలెత్తకుండా ఒక వేలు పైకెత్తింది. ఇల్మో మెట్ల మీద నిలబడి చూశాడు. హిల్లా వచ్చి అరుగు అంచున కూర్చుని కాళ్ళాడించింది. రెండూ యాభై అయిదైంది. ఇల్మో వాచీ చూసుకున్నాడు. తలుపు వెయ్యలేదు. లోపలికి వెళ్ళి పొయ్యిలో ఒక కట్టె వేసి మళ్ళీ వచ్చి నిలబడ్డాడు.

మూడు కావడానికి ఒక నిమిషముందనగా తైనా పుస్తకం మూసింది. అట్ట మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.

"ఏమైంది చివర్లో?" అంది హిల్లా.

"నీకు తెలుసుగా."

"నువ్వు చెప్పు."

"రైలు వెళ్ళిపోయింది. అన్న పిలవలేదు. తమ్ముడు కిటికీలోంచి చూడలేదు. దుకాణానికి తాళం అలాగే ఉంది." తైనా అట్ట మీంచి చెయ్యి తీసింది. "ఎవరూ ఎవర్నీ క్షమించలేదు."

"అవును," అంది హిల్లా. గళ్ళ నోటుబుక్కు కోటు జేబులోంచి తీసి, కైరో పేజీ తెరిచి తల్లి ఒళ్ళో పెట్టింది. ఎడమ పక్క, పుస్తకానికి ఎనిమిది. కుడి పక్క, అమ్మకు తొమ్మిది.